టెక్సాస్, 1948: చివరగా లెక్క చెప్పినవారిదే సీటు

1948 ఆగస్టు 28, శనివారం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో దాదాపు 9 లక్షల 88 వేల మంది ఓటేశారు. సెనేట్‌లో ఖాళీ కాబోతున్న ఒక సీటుకు డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి ఎవరో ఆ రోజు తేలాలి. తేలలేదు. వారాల తరబడి సాగిన లెక్కలు, కోర్టు గొడవల తర్వాత మిగిలిన అధికారిక అంకెలు ఇవి: లిండన్ జాన్సన్‌కు 4,94,191, కోక్ స్టీవెన్సన్‌కు 4,94,104. తేడా 87 ఓట్లు. పోలింగ్ అయిపోయిన ఆరో రోజున ఒకే ఒక్క బూత్ లెక్కలో కొత్తగా 202 ఓట్లు చేరాయి. వాటిలో 200 జాన్సన్‌వి, 2 స్టీవెన్సన్‌వి. ఆ సవరణ లేకపోతే గెలుపు స్టీవెన్సన్‌దే.

ఓడినాయన మళ్లీ ఏ పదవికీ పోటీ చేయలేదు. గెలిచినాయన 15 ఏళ్ల తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. అందుకే ఈ ఎన్నిక గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అయితే దక్షిణ టెక్సాస్‌లో ఒక పెత్తందారు దొంగ ఓట్లు వేయించాడన్న దగ్గరే ఆ మాటలు చాలావరకు ఆగిపోతాయి. దొంగ ఓట్లు అప్పటి టెక్సాస్‌లో కొత్త సంగతి కాదు. ఆలోచించాల్సినవి వేరే రెండున్నాయి. ఓటింగ్ ముగిసి ఆరు రోజులైనా లెక్క మార్చగలిగే వీలు ఎలా వచ్చింది? అనుమానం అంత గట్టిగా ఉన్నా, ఆ పెట్టెలో ఏముందో చివరిదాకా ఏ వ్యవస్థా ఎందుకు తేల్చలేదు?

ముందుగా, పార్టీ లోపలి ఎన్నికకు అంత ప్రాధాన్యం ఎందుకన్నది చెప్పుకోవాలి. అంతర్యుద్ధం ముగిసి, ఆ తర్వాతి పునర్నిర్మాణ కాలం గడిచాక దక్షిణాది రాష్ట్రాల్లో రిపబ్లికన్ పార్టీ పేరుకే మిగిలింది. టెక్సాస్‌లో డెమొక్రాటిక్ టికెట్ వచ్చిందంటే నవంబరులో గెలిచినట్టే. అసలు పోరు జూలైలో జరిగే పార్టీ ప్రైమరీలోనే ఉండేది. అందులో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య ఆగస్టులో రెండో విడత జరిగేది. ఈ ప్రైమరీల్లో ఓటేసే హక్కు 1944 దాకా తెల్లవాళ్లకే ఉండేది. పార్టీ అనేది ప్రైవేటు సంఘం, ఎవరిని రానివ్వాలో దాని ఇష్టం అన్నది అప్పటి వాదన. హ్యూస్టన్‌కు చెందిన ఒక నల్లజాతి దంతవైద్యుడు వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. అయినా పోల్ ట్యాక్స్ మిగిలే ఉంది. ఓటు వేయాలంటే ఏడాదికి 1.75 డాలర్లు పన్ను కట్టి రసీదు తెచ్చుకోవాలి. పొలాల్లో కూలికి పోయేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. ఆ రసీదు మొత్తం వ్యవహారంలో ఎంత కీలకమో ముందుకు పోతే తెలుస్తుంది.

ఇక అభ్యర్థులు. కోక్ స్టీవెన్సన్‌కు అప్పుడు 60 ఏళ్లు. బడి చదువు పెద్దగా లేకుండా, పదహారేళ్లప్పుడే గుర్రపు బండ్ల మీద సరుకు తోలి, రాత్రిళ్లు సొంతంగా చదువుకుని లాయరైన మనిషి. రాష్ట్ర ప్రతినిధుల సభకు స్పీకర్‌గా, ఆ తర్వాత 1941 నుంచి 1947 దాకా గవర్నర్‌గా చేశారు. మాట తక్కువ, నోట్లో పైపు, లానో నది ఒడ్డున పశువుల ర్యాంచ్. టెక్సాస్ జనం తమను తాము ఎలా ఊహించుకుంటారో అచ్చం అలాంటి మనిషి. జాతి వివక్ష విషయంలో మాత్రం పాతకాలపు దక్షిణాది ఆలోచనలే ఆయనవి. ఆయన్ని అన్యాయానికి బలైన మహాత్ముడిగా చూపించే రాతలు ఈ సంగతిని దాటేస్తాయి.

లిండన్ జాన్సన్ దీనికి పూర్తిగా వేరు. 1937 నుంచి దిగువ సభలో సభ్యుడు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మనిషిగా పేరు. నిద్ర, తిండి పట్టించుకోకుండా పనిచేసే రకం. బ్రౌన్ అండ్ రూట్ అనే నిర్మాణ సంస్థ యజమానులు ఆయన వెనక డబ్బుతో నిలబడ్డారు. సెనేట్‌కు పోటీ చేయాలంటే దిగువ సభ సీటు వదులుకోవాలి. అంటే ఓడితే రాజకీయ జీవితం దాదాపు ముగిసినట్టే. రెండో విడత పోలింగ్‌కు ముందురోజే ఆయనకు 40 ఏళ్లు నిండాయి.

1948 అర్థం కావాలంటే 1941ని చూడాలి. ఆ ఏడాది టెక్సాస్ సెనేటర్ ఒకరు చనిపోవడంతో జరిగిన ఉప ఎన్నికలో జాన్సన్ పోటీ చేశారు. ప్రత్యర్థి అప్పటి గవర్నర్ ఓ'డేనియల్. నూటికి 96 ఓట్లు లెక్క తేలేసరికి జాన్సన్ 5 వేల పైచిలుకు ముందున్నారు. పత్రికలు గెలిచాడనే రాశాయి. జాన్సన్ వర్గం సంబరంలో ఉండి, తమకు అనుకూలమైన దక్షిణ కౌంటీల లెక్కలను త్వరగా ప్రకటించనిచ్చింది. అక్కడే దెబ్బ తగిలింది. ఎన్ని ఓట్లు కావాలో అవతలివాళ్లకు తెలిసిపోయింది. తర్వాతి రెండు మూడు రోజుల్లో తూర్పు టెక్సాస్ నుంచి 'సవరించిన' లెక్కలు వచ్చాయి. జాన్సన్ 1,311 ఓట్లతో ఓడిపోయారు. ఓ'డేనియల్ మద్యనిషేధ వాది కాబట్టి, ఆయన్ని గవర్నర్ కుర్చీ నుంచి వాషింగ్టన్‌కు సాగనంపాలని సారా వ్యాపారులు కోరుకున్నారని అప్పట్లో గట్టిగా చెప్పుకున్నారు. ఆయన వెళ్లిపోగానే గవర్నరైంది లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న స్టీవెన్సనే.

ఆ ఓటమి జాన్సన్‌కు నేర్పింది ఒకటే: మన పెట్టెల లెక్క చివరిదాకా చెప్పకూడదు.

ఇది అప్పటి టెక్సాస్ లెక్కింపు పద్ధతిలోంచి పుట్టిన నీతి. రాష్ట్రంలో 254 కౌంటీలు, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఓట్లు ఎక్కడికక్కడే లెక్కపెట్టేవారు. పార్టీ స్థానిక నాయకులే పోలింగ్ నడిపేవారు, లెక్కపెట్టేవారు, ధ్రువీకరించేవారు. అధికారిక ఫలితం రావడానికి చాలా రోజులు పడుతుంది కాబట్టి, పత్రికలు కలిసి నడిపిన టెక్సాస్ ఎలక్షన్ బ్యూరో అనే సంస్థ ఫోన్ల ద్వారా అంకెలు సేకరించి ఎప్పటికప్పుడు ప్రకటించేది. జనం ఆత్రుతను తీర్చే మంచి ఏర్పాటే. దాంతో పాటు, లెక్క దాచి పెట్టుకున్నవాడికి ఇంకా ఎన్ని ఓట్లు తక్కువపడ్డాయో గంట గంటకూ చెప్పే ఏర్పాటు కూడా అదే. పరీక్ష పేపరు దిద్దడం అయిపోయి, పాస్ మార్కులు ఎన్నో తెలిశాక కూడా ఒకరి చేతిలో ఖాళీ జవాబు పత్రం ఉంచినట్టు.

జూలై 24న జరిగిన మొదటి విడతలో స్టీవెన్సన్‌కు 4,77,077, జాన్సన్‌కు 4,05,617 ఓట్లు వచ్చాయి. 71 వేలకు పైగా తేడా. మూడో స్థానంలో ఉన్న జార్జ్ పెడ్డీకి 2 లక్షల 37 వేలు. ఇంత వెనకబడిన అభ్యర్థి నెల రోజుల్లో కోలుకుంటాడని ఎవరూ అనుకోలేదు. నిజానికి జాన్సన్ ప్రచారం మొదట్లోనే తడబడింది. మే నెలలో కిడ్నీలో రాయితో ఆస్పత్రి పాలయ్యారు, పోటీ నుంచి తప్పుకుందామని కూడా అనుకున్నారు. కోలుకున్నాక హెలికాప్టర్ ఎక్కారు. టెక్సాస్ పల్లెల్లో చాలామందికి హెలికాప్టర్ చూడటం అదే మొదలు. పైనుంచి మైకులో పలకరించి, దిగేముందు తన టోపీని జనంలోకి విసిరేవారు. ఆయన మనుషులు పరిగెత్తుకెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకునేవారు. రోజుకు పది, పదిహేను ఊళ్లు. కారులో ఊరూరా తిరుగుతూ కోర్టు మెట్ల దగ్గర నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయే స్టీవెన్సన్ దీనికి జవాబు చెప్పలేకపోయారు.

రెండో ఆయుధం కార్మిక చట్టం. యూనియన్ల అధికారాలను తగ్గిస్తూ 1947లో వచ్చిన టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం టెక్సాస్ ఓటర్లకు ఇష్టం. జాన్సన్ దానికి అనుకూలంగా ఓటేశారు. అందువల్ల ఒక కార్మిక సమాఖ్య స్టీవెన్సన్‌ను సమర్థించింది. స్టీవెన్సన్ ఆ చట్టంపై తన వైఖరి సూటిగా చెప్పకుండా నాన్చారు. అంతే, యూనియన్ నాయకులతో లోపాయికారీ ఒప్పందం చేసుకున్నాడంటూ జాన్సన్ రోజూ రేడియోలో, కరపత్రాల్లో దంచేశారు. జీవితమంతా యూనియన్లకు దూరంగా ఉన్న మనిషి మీద అంటించిన ముద్ర అది. కానీ పనిచేసింది. పౌరహక్కుల విషయంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. అధ్యక్షుడు ట్రూమన్ ప్రతిపాదించిన పౌరహక్కుల కార్యక్రమాన్ని జాన్సన్ కూడా ఆ ప్రచారంలో బాహాటంగా వ్యతిరేకించారు.

ఇప్పుడు దక్షిణ టెక్సాస్ సంగతి. మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఆ కౌంటీల్లో ఓటర్లలో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే మెక్సికన్ అమెరికన్లు. భూమి, ఉద్యోగం, అప్పు, పోలీసు, కోర్టు అన్నీ కొద్దిమంది పెత్తందార్ల చేతుల్లో ఉండేవి. వాళ్లే జనం తరఫున పోల్ ట్యాక్స్ కట్టి, రసీదులు తమ దగ్గరే పెట్టుకునేవారు. పేదవాణ్ని ఓటుకు దూరం చేయడానికి పెట్టిన పన్ను, ఆ పేదవాడి ఓటు మొత్తాన్ని ఇంకొకడి జేబులో పెట్టే సాధనమైంది. ఈ పెత్తందార్లలో అందరికంటే పెద్దవాడు జార్జ్ పార్. తండ్రి ఆర్చీ పార్ నుంచి డువాల్ కౌంటీ ఆయనకు వారసత్వంగా వచ్చింది. 'డ్యూక్ ఆఫ్ డువాల్' అనేవారు. ఆదాయపు పన్ను ఎగవేసి జైలుకెళ్లి వచ్చాడు, 1946లో ట్రూమన్ క్షమాభిక్ష ఇచ్చారు.

1948 రెండో విడతలో డువాల్ కౌంటీ లెక్క: జాన్సన్‌కు 4,622, స్టీవెన్సన్‌కు 40. ఇలాంటి అంకెలు చూసి స్టీవెన్సన్ ఆశ్చర్యపోయి ఉండరు. అంతకుముందు ఎన్నికల్లో ఇదే డువాల్ ఇదే పద్ధతిలో ఆయనకే ఓట్లు కుమ్మరించింది. గవర్నర్‌గా ఉన్నప్పుడు లారెడో జిల్లా అటార్నీ పదవికి పార్ వర్గం కోరిన మనిషిని ఆయన వేయలేదు. అప్పటి నుంచి పార్ ఆయనకు శత్రువయ్యాడు. ఆయన 1948లో మోసపోయారన్నది నిజం. తనకు లాభించినప్పుడు ఆ ఓట్ల మీద ఆయన ఎన్నడూ ప్రశ్న లేవనెత్తలేదన్నదీ అంతే నిజం. తూర్పు టెక్సాస్‌లో స్టీవెన్సన్ వర్గం కూడా లెక్కలు పెంచిందని వాదించే చరిత్రకారులున్నారు. రెండువైపులా జరిగింది కదా, సరిపోయిందిలే అనడం మాత్రం కుదరదు. ఫలితాన్ని తిప్పేసిన సవరణ ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

శనివారం రాత్రికి స్టీవెన్సన్ 854 ఓట్ల ముందున్నారు. ఆదివారం డువాల్ నుంచి అదనంగా 427 ఓట్లు వచ్చాయి, లెక్కపెట్టకుండా ఉండిపోయిన పెట్టె ఒకటి దొరికిందన్నారు. తర్వాతి రోజుల్లో ఆధిక్యం అటూ ఇటూ మారింది. రాష్ట్రమంతా టెన్షన్. గురువారానికి స్టీవెన్సన్ కొన్ని వందల ఓట్ల ముందు ఉన్నారు. ఇక మారడానికి ఏమీ లేదనిపించింది. సెప్టెంబర్ 3, శుక్రవారం, డువాల్ పక్కనే ఉన్న జిమ్ వెల్స్ కౌంటీ నుంచి ఫోన్ వచ్చింది. ఆలిస్ పట్టణంలోని 13వ నంబరు బూత్‌లో జాన్సన్ ఓట్లు 765 కాదు, 965 అన్నారు. లెక్క పత్రం చూసినవాళ్లు 7 అంకెను 9గా దిద్దినట్టు కనిపించిందని తర్వాత చెప్పారు.

స్టీవెన్సన్ స్వయంగా ఆలిస్ వెళ్లారు. వెంట ఫ్రాంక్ హేమర్. బానీ, క్లైడ్ అనే దోపిడీ జంటను 1934లో కాల్చి చంపిన బృందానికి నాయకత్వం వహించిన టెక్సాస్ రేంజర్ ఆయన. ఓటర్ల జాబితా పార్ బ్యాంకులో తాళం వేసి ఉంది. బ్యాంకు ముందు తుపాకులతో పార్ మనుషులు నిలబడ్డారు. హేమర్ నడుచుకుంటూ వచ్చేసరికి పక్కకు జరిగారు. లోపల స్టీవెన్సన్ మనుషులకు జాబితాను కాసేపు చూడనిచ్చారు, రాసుకోనివ్వలేదు. చూసినంతలోనే కనిపించింది ఇది: ఓటేసిన వరుసలో నమోదు కావాల్సిన పేర్లలో చివరి రెండు వందలు ఒకే చేతిరాతలో, ముందువాటికి భిన్నమైన రంగు సిరాతో, అక్షర క్రమంలో ఉన్నాయి. రెండు వందల మంది బూత్‌కు అక్షర క్రమంలో వచ్చి నిలబడటం ఎక్కడా జరగదు. బ్యాంకులో చూసినవాళ్లు కొన్ని పేర్లు గుర్తుపెట్టుకుని బయటికొచ్చి వాళ్లను వెతికి అడిగారు. తాము ఆ రోజు ఓటే వేయలేదని వాళ్లలో కొందరు ప్రమాణపూర్వకంగా చెప్పారు.

మామూలుగా అయితే ఇక్కడితో విషయం తేలిపోవాలి. పెట్టె తెరిచి, జాబితా చూసి, సంతకాలు పోల్చి, ఆ 202 మందిని పిలిచి అడిగితే ఒక రోజు పని. ఆ పని ఎవరు చేయాలన్న దగ్గరే అంతా ఆగింది.

ముందుగా కౌంటీ. జిమ్ వెల్స్ పార్టీ కమిటీలోకి పార్ వ్యతిరేకులు కొత్తగా వచ్చారు. వాళ్లు 13వ బూత్ లెక్కను మళ్లీ చూడాలనుకున్నారు. జాన్సన్ లాయర్లు ఆస్టిన్‌లోని రాష్ట్ర కోర్టుకు వెళ్లి, కౌంటీ కమిటీ లెక్క మార్చకుండా స్టే తెచ్చారు. స్టీవెన్సన్ వర్గం కౌంటీని బెదిరించి తప్పుడు లెక్క పెట్టిస్తోందని వాళ్ల వాదన. స్టే వచ్చాక అసలు తప్పును సరిదిద్దగలిగే అతి దగ్గరి చేయి కట్టేసినట్టయింది.

తర్వాత పార్టీ. రాష్ట్ర డెమొక్రాటిక్ కార్యవర్గం సెప్టెంబర్ 13న ఫోర్ట్ వర్త్‌లో సమావేశమైంది. కౌంటీలు పంపిన లెక్కలను కూడి ప్రకటించడమే తమ పని, వాటి లోపలికి వెళ్లే అధికారం తమకు లేదని జాన్సన్ వైపువాళ్లు అన్నారు. మోసం కళ్ల ముందు ఉంటే కళ్లు మూసుకోవాలా అని అవతలివాళ్లు. కమిటీ సభ్యులను హోటల్ గదుల్లోంచి, నడవాల్లోంచి లాక్కొచ్చి ఓటు వేయించారు. 29–28 తేడాతో జాన్సన్ పేరు ఖాయమైంది. ఆ ఓటుకూ 13వ బూత్‌లో ఏం జరిగిందన్న ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. కమిటీలో వర్గాల బలం ఎంతో మాత్రమే అందులో తేలింది.

మూడోది ఫెడరల్, అంటే కేంద్ర కోర్టు. దక్షిణ టెక్సాస్ రాష్ట్ర కోర్టుల మీద నమ్మకం లేక స్టీవెన్సన్ ఫెడరల్ జిల్లా జడ్జి విట్‌ఫీల్డ్ డేవిడ్‌సన్‌ను ఆశ్రయించారు. తన పౌరహక్కు దోపిడీకి గురైందన్నది ఆయన పిటిషన్. డేవిడ్‌సన్ జాన్సన్ పేరు బ్యాలెట్‌పై వేయకుండా తాత్కాలికంగా ఆపారు. విచారణకు ముందు ఒక రాజీ కూడా సూచించారు: నవంబరు బ్యాలెట్‌పై ఇద్దరి పేర్లూ పెట్టండి, జనమే తేలుస్తారు. స్టీవెన్సన్ సరేనన్నారు. జాన్సన్ ఒప్పుకోలేదు. డేవిడ్‌సన్ వెంటనే ప్రత్యేక అధికారులను వేసి, ఆలిస్ వెళ్లి సాక్షులను విచారించి పెట్టెలు తెరవమన్నారు. ఈ ఎన్నికలో నిజానికి చాలా దగ్గరగా వెళ్లిన ప్రభుత్వ చర్య అది.

బ్యాలెట్ ముద్రణ గడువు ముంచుకొస్తోంది. జాన్సన్ లాయర్ల గుంపులో ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. అప్పుడు వాషింగ్టన్ లాయర్ ఏబ్ ఫోర్టస్ ఒక దారి చూపారు. పై కోర్టులో పెద్ద అప్పీలు వేసి నెలల తరబడి వాదించే సమయం లేదు. సన్నని చట్టపరమైన అంశంతో అప్పీల్ కోర్టు జడ్జి ఒకరి దగ్గరికి వెళ్లి త్వరగా ఓడిపోదాం, ఓడిపోతేనే సుప్రీంకోర్టులో ఆ ప్రాంతం చూసే న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు అన్నారు. సరిగ్గా అలాగే జరిగింది. సెప్టెంబర్ 28న బ్లాక్ వాదనలు విన్నారు. రాష్ట్ర ఎన్నిక ప్రక్రియను మధ్యలో ఆపే అధికారం ఫెడరల్ జిల్లా జడ్జికి ఏ చట్టమూ ఇవ్వలేదంటూ స్టే ఇచ్చారు. ఆలిస్‌లో ఆ సమయానికి పెట్టెలు తెరిచే పని మొదలైంది. ఫోన్ వచ్చింది, విచారణ ఆగిపోయింది.

బ్లాక్ ఆదేశాన్ని కొట్టిపారేయలేం. ఒక అభ్యర్థి కోర్టుకెళ్లగానే ఫెడరల్ జడ్జి పోలింగ్ ఫలితాన్ని నిలిపేయగలిగితే ప్రతి ఎన్నికా కోర్టులోనే తేలుతుంది. ఆ భయం నిజమైనది. మన రాజ్యాంగంలోని 329(బి) అధికరణ కూడా ఎన్నిక ప్రక్రియ నడుస్తుండగా కోర్టుల జోక్యం వద్దనే చెబుతుంది. తేడా ఏమిటంటే, మన దగ్గర ఫలితం ప్రకటించాక హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసే దారి స్పష్టంగా ఉంది, 45 రోజుల గడువుతో. టెక్సాస్‌లో 1948లో ఉన్న దారులన్నీ ఆ పెత్తందారు కౌంటీ గుండానే పోతాయి, లేదా నవంబరు గడువు దాటిపోతాయి. ఇంకొక విషయం మరచిపోకూడదు. ప్రైమరీ అనేది పార్టీ ఇంటి వ్యవహారం కాదు, ప్రజా ఎన్నికలో భాగమేనని నాలుగేళ్ల కిందట సుప్రీంకోర్టే చెప్పింది. ఆ కేసులో మెజారిటీ వైపు నిలిచిన న్యాయమూర్తుల్లో బ్లాక్ ఒకరు. నల్లజాతి ఓటరును బూత్‌లోకి రానివ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమైతే, అసలు రాని ఓటర్ల పేర్లు రాసి మిగతా ఓటర్ల మాటను రద్దు చేయడం ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఏ కోర్టూ జవాబు చెప్పలేదు. పూర్తి సుప్రీంకోర్టు కూడా ఆ తర్వాత కేసును విచారణకు తీసుకోలేదు.

నవంబరు 2న జాన్సన్ రిపబ్లికన్ అభ్యర్థి జాక్ పోర్టర్‌ను సుమారు మూడింట రెండొంతుల ఓట్లతో ఓడించారు. కోపంతో స్టీవెన్సన్ ఈ ఎన్నికలో పోర్టర్‌నే సమర్థించారు. తమ సభ్యుల ఎన్నిక చెల్లుతుందో లేదో తేల్చే అధికారం రాజ్యాంగం ప్రకారం సెనేట్‌దే. సెనేట్ జాన్సన్‌ను కూర్చోబెట్టింది. 'లాండ్‌స్లైడ్ లిండన్' (లాండ్‌స్లైడ్ అంటే భారీ ఆధిక్యంతో గెలుపు) అన్న వెక్కిరింపు పేరు మాత్రం చాలా కాలం ఆయన వెంటపడింది. 13వ బూత్ ఓటర్ల జాబితా ప్రతులు ఒక్కొక్కటిగా మాయమైపోయాయి. విచారణలో అడిగితే పోయిందన్నదే సమాధానం.

ఆ బూత్ ఎన్నికల అధికారిగా పనిచేసిన లూయిస్ సాలస్ 1977లో, పార్, జాన్సన్ ఇద్దరూ చనిపోయాక, ఒక వార్తా సంస్థ విలేకరి ముందు నోరు విప్పాడు. పార్ చెబితే దొంగ ఓట్లు చేర్చారని, అవి సరైనవేనని తాను ధ్రువీకరించానని ఒప్పుకున్నాడు. జాన్సన్ స్వయంగా ఆదేశించారనడానికి తిరుగులేని ఆధారం ఇప్పటికీ బయటికి రాలేదు. కానీ 1941లో తన లెక్కలు ముందే బయటపెట్టి దెబ్బతిన్న నాయకుడి వర్గం, 1948లో చివరి లెక్క చెప్పింది. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

తక్కువ తేడాతో గెలవడంలోనే ఏదో దోషం ఉందని మాత్రం అనుకోకూడదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. 87 కంటే అది ఎంతో చిన్న తేడా. తేడా ఎంతన్నది కాక, పోలింగ్ ముగిసిన క్షణాన ఎన్ని ఓట్లు పడ్డాయో అందరి చేతిలో రాతపూర్వకంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఇప్పుడు మన బూత్‌ల్లో ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సీ నింపి, పోలైన మొత్తం ఓట్ల అంకెతో దాని ప్రతిని ఏజెంట్లకు ఇస్తారు. ఆ తర్వాత లెక్కింపు రోజున ఆ అంకెతో సరిపోవాలి. ఆలిస్‌లో శనివారం రాత్రే అలాంటి కాగితం ఇరు పక్షాల చేతిలో ఉండి ఉంటే, శుక్రవారం 202 ఓట్లు చేర్చడం సాధ్యమయ్యేది కాదు. పోలింగ్ రోజు ఏజెంటుగా కూర్చున్న ప్రతి ఒక్కరూ ఆ ఫారం తీసుకోకుండా ఇంటికి వెళ్లకూడదు అనేది ఇందుకే.

తర్వాతి చరిత్ర తెలిసిందే. జాన్సన్ 1955లో సెనేట్ మెజారిటీ నాయకుడయ్యారు, 1961లో ఉపాధ్యక్షుడు, 1963 నవంబరు 22న కెనడీ హత్యతో అధ్యక్షుడు. 1965లో ఫోర్టస్‌ను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించారు. 1965–67 కరువు ఏళ్లలో మన దేశానికి రావాల్సిన గోధుమల ఓడలను నెల నెలా తానే ఆమోదిస్తూ, వియత్నాంపై భారత విమర్శలకు కోపంతో బిగపట్టిందీ ఈయనే. 1965 అక్టోబర్ 3న ఆయన సంతకం చేసిన వలస చట్టం, అంతకుముందు భారతీయులకు ఏడాదికి 100 మందికే ఉన్న కోటాను తొలగించింది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు, వాళ్ల వెనక కుటుంబాలు అమెరికా వెళ్లడానికి తలుపు తెరిచింది ఆ చట్టమే. డాలస్, హ్యూస్టన్‌లలో ఇవాళ కనిపిస్తున్న తెలుగు సమాజం వేళ్లు అక్కడున్నాయి.

1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం కూడా ఆయన కాలానివే. ఆ మేళ్లను చూపించి 1948ని మాఫీ చేసే వాదన తరచూ వినిపిస్తుంది. ఆ చట్టాలు గొప్పవే. కానీ 1948లో 87 ఓట్ల ఆధిక్యాన్ని తయారుచేసినవాళ్లకు 1965 గురించి ఏమీ తెలియదు. వాళ్లు పౌరహక్కులను వ్యతిరేకిస్తున్న అభ్యర్థిని గెలిపిస్తున్నారు, అంతే. ఫలితం బాగుంది కాబట్టి దారి ఒప్పు అనాలంటే, ఆ ఫలితం వాళ్ల మనసులో ముందే ఉండాలి కదా.

నష్టపోయింది స్టీవెన్సన్ ఒక్కడే కాదు. ఆ రెండు వందల పేర్లు ఆలిస్‌లో బతుకుతున్న మెక్సికన్ అమెరికన్లవి. వాళ్ల పన్ను రసీదు ఇంకొకరి దగ్గర, వాళ్ల ఓటు ఇంకొకరి చేతిరాతలో ఉంది. ఫెడరల్ ఎన్నికల్లో పోల్ ట్యాక్స్‌ను 1964లో 24వ రాజ్యాంగ సవరణ రద్దు చేసింది. టెక్సాస్ రాష్ట్ర ఎన్నికల్లో అది 1966లో కోర్టు తీర్పుతో పోయింది. 1965 చట్టం మొదట్లో టెక్సాస్‌లోని స్పానిష్ ఓటర్లను ప్రత్యేకంగా పట్టించుకోలేదు. హ్యూస్టన్ నుంచి ఎన్నికైన నల్లజాతి సభ్యురాలు బార్బరా జోర్డాన్ వంటివారి కృషితో 1975లో దాన్ని భాషా మైనారిటీలకూ వర్తింపజేశారు. అప్పటి నుంచి టెక్సాస్‌లో బ్యాలెట్, ఓటు నమోదు సమాచారం స్పానిష్‌లో కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఎన్నికల నియమాల్లో ఏ మార్పు చేయాలన్నా రాష్ట్రం ముందుగా వాషింగ్టన్ అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. ఈ ముందస్తు అనుమతి నిబంధన ఏ ప్రాంతాలకు వర్తిస్తుందో తేల్చే సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది.